కమోడ్, కుళాయి, జిగురు: మా కౌంటరు దగ్గర తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలోని పర్లాకిమిడిలో శానిటరీ సామాన్ల షాపు పెట్టుకున్నవాడికి సగం రోజు అమ్మకానికి, సగం రోజు జవాబులకి సరిపోతుంది. కాశీనగర్ నుంచి, గుణుపురం నుంచి, రోడ్డు దాటితే వచ్చే పాతపట్నం నుంచి, బరంపురంలో ఇల్లు కట్టుకుంటున్న చుట్టాల ఫోన్ల నుంచి తిరిగి తిరిగి అవే ప్రశ్నలు. అందుకే అన్నీ ఒకచోట పెడుతున్నాను. జనం మాట్లాడే తెలుగే రాయాలని గిడుగు రామమూర్తి పంతులుగారు పట్టుబట్టింది ఈ ఊళ్లో ఉంటూనే కాబట్టి, కౌంటరు దగ్గర మాట్లాడినట్టే రాశాను.

ముందే చెప్పేస్తున్నా. యాసిడ్ సీసాలు నా దగ్గర బాగానే అమ్ముడవుతాయి. కానీ ఈ ప్రశ్నల్లో చాలావాటికి జవాబు యాసిడ్ కాదు.

ఎంత కడిగినా బాత్రూంలో కంపు పోవడం లేదు. ఏ యాసిడ్ మంచిది?

ఏదీ వద్దు. ముందు నేల మీద జాలీలో ఒక చెంబు నీళ్లు పోసి, ఓ అరగంట ఆగి చూడండి. వేళాకోళం కాదు. జాలీ కింద ఉండే నహానీ ట్రాప్‌లో, కమోడ్ వెనక వంపులో, సింకు కింద వంకర పైపులో ఎప్పుడూ కాస్త నీరు నిలిచి ఉండాలి. పైపులోని గాలిని ఇంట్లోకి రాకుండా ఆపే మూత ఆ నీరే. మామూలు ట్రాపుల్లో ఆ నీటి మూత లోతు 50 మిల్లీమీటర్లు, అంటే రెండంగుళాలు. నీరు ఎండిందంటే మూత తీసి పక్కన పెట్టినట్టే. అప్పుడు మీరు నేలని ఎంత తోమినా కంపు కింది నుంచి వస్తూనే ఉంటుంది.

సూరత్‌లోనో హైదరాబాద్‌లోనో పని చేసుకుంటూ దసరాకి వచ్చి తాళం తీసేవాళ్లకి గుమ్మంలోనే కంపు తగిలేది ఇందుకే. ఊరెళ్లేముందు ప్రతి జాలీలోనూ చెంబుడు నీళ్లు పోసి, పైన రెండు చెంచాల వంటనూనె వేసి వెళ్లండి. నూనె నీటి మీద తేలి ఆవిరి కానివ్వదు.

ఈ వంపును 1775లో పేటెంటు చేయించుకున్నది అలెగ్జాండర్ కమింగ్ అనే స్కాట్లాండ్ గడియారాల మేస్త్రి. థామస్ క్రాపర్ అనే ఆయనే ఫ్లష్ మరుగుదొడ్డి కనిపెట్టాడని ఫోన్లలో తిరుగుతూ ఉంటుంది. ఆయన పుట్టిందే 1836లో.

ట్రాపులో నీళ్లున్నా కంపు వస్తోందంటే వాష్‌బేసిన్ కింద చూడండి. అక్కడి ముడతల పైపుని నేలలో ఉన్న బొక్కలోకి ఊరికే దోపి వదిలేస్తారు, చుట్టూ సందు ఉంటుంది. ఆ సందు మూయాలి. కమోడ్ అడుగున వైట్ సిమెంటు పగిలినా అంతే. ఇంకొకటి ఎవరూ నమ్మరు, జుట్టు. జాలీలో చిక్కుకున్న వెంట్రుకల పోగు ఒక కొస నీటిలోను, రెండో కొస అవతలి పైపులోను వేలాడితే, దీపం వత్తి నూనె లాగినట్టు నీటిని లాగి ట్రాపుని మెల్లగా ఖాళీ చేసేస్తుంది. పొద్దున్న పోసిన నీళ్లు రాత్రికి లేవంటే జాలీ ఎత్తి వేలు పెట్టి చూడండి.

పై అంతస్తులో ఫ్లష్ చేస్తే మా జాలీలో గుడగుడమంటుంది. ఎందుకు?

గాలికి దారి లేక. పైనుంచి ఒక్కసారిగా నీళ్లు దిగితే ముందున్న గాలిని తోస్తాయి, వెనక గాలిని లాగుతాయి. ఆ గాలి వెంట్ పైపు ద్వారా డాబా మీది నుంచి రావాలి. వెంట్ లేకపోతే మీ ట్రాపులోని నీటిలోంచే దూరి వస్తుంది. ఆ చప్పుడు అదే. పోను పోను ట్రాపు నీరంతా లాగేసి కంపు కూడా మొదలవుతుంది.

ఇల్లు కట్టేటప్పుడు వెంట్ పైపు దండగ అని మానేసినవాళ్లు కొందరు, దోమలొస్తున్నాయని గుడ్డ కుక్కి మూసేసినవాళ్లు ఇంకొందరు. గుడ్డ తీసేసి దోమల జాలీ కట్టండి. సెప్టిక్ ట్యాంకులో పుట్టే దోమలు బయటికి వచ్చే దారి అదే, గాలి వచ్చే దారీ అదే. జాలీ కడితే గాలి వస్తుంది, దోమ రాదు.

కమోడ్‌లో నీళ్లు పైకి లేచి మెల్లగా దిగుతున్నాయి. పైపు పగలగొట్టాలా?

సుత్తి తీసేముందు ఒక్క సంగతి తేల్చుకోండి. అది ఒక్క కమోడేనా, ఇంట్లో అన్నీనా? ఒక్కటే అయితే అడ్డం అక్కడే, ఆ వంపులోనే ఉంటుంది. కింది బాత్రూం జాలీలోంచి కూడా నీళ్లు పైకి తంతున్నాయంటే మెయిన్ లైన్ మూసుకుపోయింది, లేదా సెప్టిక్ ట్యాంకు నిండింది. అప్పుడు కమోడ్‌తో కుస్తీ పట్టి లాభం లేదు.

ఒక్క కమోడే అయితే రబ్బరు కప్పు ఉన్న కర్ర, అదే ప్లంజర్, వాడండి. అది పని చేయాలంటే కప్పు పూర్తిగా నీటిలో మునగాలి. గాలిని కొడితే గాలి నలిగి ఊరుకుంటుంది, నీటిని కొడితే దెబ్బ నేరుగా అడ్డానికి తగులుతుంది. మొదటిసారి మెల్లగా నొక్కి కప్పులోని గాలి పోనివ్వండి. ఆ తర్వాత లాగడం మీద బలం పెట్టండి. అందరూ తొయ్యడం మీదే పెడతారు, దాంతో అడ్డం ఇంకా లోపలికి పోతుంది.

దారి కొంచెం తెరుచుకున్నాక సగం బకెట్ నీళ్లు నడుమెత్తు నుంచి ఒకే ఊపులో పొయ్యండి. కమోడ్ ఖాళీ అయ్యేది సైఫన్ వల్ల, అంటే నిండిన వంపు నీటిని తనంతట తానే అవతలికి లాగేయడం వల్ల. వెనక వంపు పూర్తిగా నిండితే తప్ప సైఫన్ పుట్టదు. చెంబుతో కొంచెం కొంచెంగా పది చెంబులు పోసినా నీరు అంచు దాటి జారిపోతుందే గాని లోపలున్నదాన్ని లాక్కెళ్లదు. మరిగే నీళ్లు మాత్రం వద్దు, పింగాణీ పగులుతుంది.

అసలు ఏం వేస్తే అడ్డం పడుతుంది? టిష్యూ వేయొచ్చని మా అబ్బాయి అంటాడు.

టాయిలెట్ పేపరు వేయొచ్చు, ముఖం తుడుచుకునే టిష్యూ వేయకూడదు. చూడ్డానికి ఒకేలా ఉంటాయి. టాయిలెట్ పేపరు నీటిలో పడగానే పోగులు విడిపోయేలా చేస్తారు. ముఖానికి వాడేది తడిసినా చిరగకూడదని అందులో వేరే మందు కలుపుతారు. అనుమానం ఉంటే రెండు గ్లాసుల్లో వేసి చెంచాతో తిప్పి చూడండి, మీ అబ్బాయికి కూడా చూపించండి.

శానిటరీ ప్యాడ్, పిల్లల డైపరు అసలు వేయకూడదు. లోపల ఉండే పొడి నీళ్లు పీల్చి ఉబ్బడానికే పుట్టింది, వంపులో కూర్చుని చక్కగా ఉబ్బుతుంది. తడి వైప్స్ ప్యాకెట్ మీద ఏం రాసి ఉన్నా అవి గుడ్డ కిందే లెక్క. ఇంట్లో ఈ మాట చెప్పడానికి సిగ్గుపడి బాత్రూంలో చెత్త డబ్బా పెట్టనివాళ్లు ప్లంబరుకి డబ్బులు పెడుతుంటారు. మూత ఉన్న చిన్న డబ్బా చాలు.

మరి యాసిడ్ పోస్తే ఇవన్నీ కరగవా?

కరగవు. యాసిడ్ కరిగించేది సున్నపు గారని, మూత్రం గారని, సిమెంటు మరకల్ని. జుట్టు మీద, గుడ్డ మీద, ప్యాడ్ మీద దాని ఆటలు సాగవు. సింకులో పేరుకున్న నూనె జిడ్డుకి, జుట్టుకి పనికొచ్చేది కాస్టిక్ సోడా. అది జిడ్డుని సబ్బుగా మారుస్తుంది, జుట్టుని మెత్తబరుస్తుంది. అంటే మందు కొనేముందు లోపల ఏముందో తెలియాలి. షాపుకి వచ్చి ‘ఏదైనా ఘాటుది ఇవ్వండి’ అంటే ఎలా?

ఇక్కడ మాత్రం కాస్త గట్టిగా చెప్పాలి. యాసిడ్‌నీ బ్లీచింగ్ పౌడర్‌నీ ఎప్పుడూ కలపొద్దు. రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. తలుపు మూసిన చిన్న బాత్రూంలో అది ఊపిరితిత్తుల్ని కాల్చేస్తుంది. నిన్న బ్లీచింగ్ చల్లి, అది పోకముందే ఇవాళ టాయిలెట్ క్లీనర్ పోసినా కలిపినట్టే, ఎందుకంటే టాయిలెట్ క్లీనర్లలో చాలావాటిలో ఉండేది హైడ్రోక్లోరిక్ ఆమ్లమే. కాస్టిక్ సోడా పోసిన పైపులో యాసిడ్ పోసినా వేడెక్కి మొహం మీదికి చిమ్ముతుంది. ఒక మందు పని చేయలేదని ఇంకోటి పొయ్యడం అలవాటుగా ఉన్నవాళ్లు ఈ పేరా రెండుసార్లు చదవండి. ప్లంబరుని పిలిస్తే పైపులో ఏం పోశారో ముందే చెప్పండి. అతను చెయ్యి పెట్టేది అందులోనే.

కమోడ్‌లో పసుపు గార, కుళాయి మీద తెల్ల గార ఎలా పోతాయి?

బోరు నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం నీరు ఆవిరయ్యాక రాయిలా మిగిలిపోతుంది. అదే తెల్ల గార. కమోడ్‌లో దానికి మూత్రంలోని లవణాలు తోడై పసుపు రంగు వస్తుంది. దీనికి ఆమ్లమే మందు, కానీ ఘాటైనది అక్కర్లేదు. నిమ్ముప్పు చాలు, వెనిగర్ చాలు. ఓపిక కావాలి.

రాత్రి పడుకునేముందు బ్రష్‌తో కమోడ్‌లో నీటిని వంపు అవతలికి తోసేయండి. నీటి మట్టం దిగుతుంది, గార బయటపడుతుంది. అప్పుడు వేడి నీటిలో కలిపిన నిమ్ముప్పు పొయ్యండి. ఈ తొయ్యడం మానేసి నిండు నీటిలో పోస్తే మందు పలచబడిపోతుంది. అంత ఖర్చు పెట్టినా గార పోలేదని వచ్చేవాళ్లలో చాలామంది చేసేది ఇదే. షవర్ బొక్కలు మూసుకుపోతే వెనిగర్ పోసిన ప్లాస్టిక్ కవరు దానికి రాత్రంతా కట్టి ఉంచండి. నేల మీద మార్బుల్ ఉంటే నిమ్మకాయ కూడా తగలనివ్వొద్దు, మార్బుల్ కూడా ఆ కాల్షియం జాతే, అదీ కరుగుతుంది.

మా ఊళ్లో రెండు గుంతల మరుగుదొడ్డి కట్టారు. గుంత ఇంత చిన్నది, ఏడాదికే నిండిపోదా?

రాయగడ వైపు, కొండ మీది ఊళ్ల నుంచి ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇది. 2014 అక్టోబరు 2న మొదలైన స్వచ్ఛ భారత్‌లో ఇంటికి 12,000 రూపాయల సాయంతో కట్టిన దొడ్లలో చాలావాటిది ఈ పద్ధతే. 1970లో సులభ్ సంస్థ పెట్టిన బిందేశ్వర్ పాఠక్ దేశమంతా ప్రచారంలోకి తెచ్చింది కూడా దీన్నే.

గుంత చిన్నదే కానీ నిండదు, ఎందుకంటే అందులో పడేదాంట్లో ఎక్కువ భాగం నీరు, అది మట్టిలోకి ఇంకిపోతుంది. మిగిలేది కొంచెమే. ఐదారుగురున్న ఇంట్లో ఒక గుంత మూడేళ్ల దాకా, ఒక్కోచోట ఆపైన కూడా వస్తుంది. నిండాక మధ్యలో ఉన్న చిన్న తొట్టి మూత తీసి, ఆ గుంత దారి మూసి రెండోదానికి తెరవాలి. మూసిన గుంతని రెండేళ్లు ముట్టుకోకుండా వదిలేస్తే లోపలిది పొడి ఎరువు అయిపోతుంది. వాసన ఉండదు, చేనులో వేసుకోవచ్చు.

చెడగొట్టేది మాత్రం మనమే. మేస్త్రి ‘గట్టిగా ఉండాలి’ అని గుంత అడుగున కాంక్రీటు వేసేస్తాడు, ఇక నీరు ఎక్కడికి ఇంకాలి? అడుగు మట్టే ఉండాలి, గోడ ఇటుకల మధ్య సందులు ఉండాలి. రెండు గుంతలకీ ఒకేసారి దారి తెరిచి పెట్టుకునేవాళ్లూ ఉన్నారు. రెండూ ఒకేసారి నిండితే ఎరువు అయ్యే సమయం దేనికీ దొరకదు. దీనికి గ్యాస్ పైపు కూడా అక్కర్లేదు, గ్యాస్ మట్టిలోకే పోతుంది. మంచినీళ్ల బావికి, బోరుకి కనీసం 10 మీటర్ల దూరం ఉండాలి. పగుళ్లున్న రాతి నేల అయితే ఇంకా దూరం జరపండి, పగుళ్ల వెంట మురుగు ఎంత దూరమైనా నడుస్తుంది.

ఇంకో మాట. ఈ దొడ్లలో వేసే పల్లెటూరి పాన్‌కి వాలు ఎక్కువ, నీటి మూత 20 మిల్లీమీటర్లే. లీటరున్నర, రెండు లీటర్ల నీటితో కడుక్కుపోతుంది. బిందె మోసుకొచ్చే ఇంటికి అది పెద్ద విషయం. అందంగా ఉందని దాన్ని పీకేసి టౌన్ పాన్ పెట్టించుకోకండి, బకెట్లు బకెట్లు పొయ్యాలి, ఆ నీరంతా గుంతలోకే వెళ్తుంది.

ఊళ్లో ఖాళీ స్థలం ఉన్న ఇంటికి సెప్టిక్ ట్యాంకు కంటే రెండు గుంతలే మేలని నా అభిప్రాయం. ట్యాంకు అమ్మితే నాకు ఎక్కువ మిగులుతుంది, అయినా సరే.

సెప్టిక్ ట్యాంకు నిండినప్పుడు కదా తీయించాలి? మాది పదేళ్లయినా నిండలేదు.

సెప్టిక్ ట్యాంకు కట్టిన కొన్నాళ్లకే నీటితో నిండుతుంది, ఎప్పుడూ నిండే ఉంటుంది. లోపలికి ఎంత వస్తే అంత నీరు అవతలికి పోతుంది. పెరిగేది అడుగున బురద. అది పెరిగిన కొద్దీ నీరు నిలిచి తేరుకునే చోటు తగ్గి, మలం అలాగే ఇంకుడు గుంతలోకి వెళ్లి దాన్ని మూసేస్తుంది. మీది పదేళ్లుగా నిండలేదంటే, అడుగున పగులు ఉండి భూమిలోకి పోతూ ఉండాలి, లేదా ఆ పైపు నేరుగా వీధి కాలువలోకి ఉండాలి. ఏది అయినా మంచిది కాదు. రెండు మూడేళ్లకోసారి తీయించండి.

తీయించేటప్పుడు మనిషిని దింపొద్దు. 2013లో వచ్చిన చట్టం ప్రకారం అది నేరం. చట్టం సంగతి అటుంచినా, లోపల ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువ మోతాదులో ముక్కుని మొద్దుబారుస్తుంది. కుళ్లు గుడ్డు వాసన ఆగిపోయిందంటే గ్యాస్ పోయిందని కాదు, ముక్కు పోయిందని. ఒకడు పడిపోతే లాగడానికి దిగిన తమ్ముడు కూడా అక్కడే పడిపోయేది ఇందుకే. దీపం దించి చూడడం మరీ ఘోరం, లోపల మీథేన్ ఉంటుంది, అంటుకుంటుంది. గొట్టంతో లాగే బండిని పిలవండి. 14420 నంబరు ఇందుకోసమే పెట్టారు, లేదా మున్సిపాలిటీలో అడగండి. తెచ్చిన బురదని శుద్ధి చేసే ప్లాంటు బరంపురంలో ఉంది. వాగులో పోసేసే బండి తక్కువకి వస్తానంటే ఒప్పుకోవద్దు, ఆ వాగు నీరే కింద ఇంకో ఊరికి బావి నీరు.

బెల్లం, ఈస్టు, పేడ వేస్తే ట్యాంకు శుభ్రం అవుతుందా అని కూడా అడుగుతారు. కావలసిన సూక్ష్మజీవులు రోజూ మీరే పంపుతున్నారు. వాటిని యాసిడ్‌తో చంపకుండా ఉంటే చాలు.

తుఫాను నీళ్లు దిగాక కమోడ్‌లోంచి మురుగు పైకి వస్తోంది. వెంటనే ట్యాంకు ఖాళీ చేయించాలా?

వద్దు, ఆగండి. 2013 అక్టోబరు 12న గోపాలపురం దగ్గర ఫైలిన్ తీరం దాటినప్పుడు, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర దాటి గజపతి జిల్లా కొండల్ని ముంచినప్పుడు చూసినవాళ్లకి తెలుసు, నీళ్లు దిగిపోయినట్టు కనిపించినా నేల లోపల రోజుల తరబడి నిండే ఉంటుంది. అప్పుడు ట్యాంకు ఖాళీ చేస్తే ఒకటి, ఇంకుడు గుంత నుంచి నీరు వెనక్కి వచ్చి మళ్లీ నిండుతుంది. రెండు, చుట్టూ ఉన్న నీరు ఖాళీ ట్యాంకుని కింది నుంచి పైకి తోస్తుంది. ఫైబర్ ట్యాంకు అయితే పైకి తేలిపోతుంది, పైపులు విరుగుతాయి. ఇటుక ట్యాంకు అయితే పగులుతుంది. బావిలో నీటి మట్టం మామూలుకి దిగేదాకా నీళ్లు తక్కువ వాడండి, బట్టలు ఉతకడం ఆపండి.

బావిలో వరద నీరు చేరిందంటే క్లోరిన్ వేసి శుద్ధి చేయించేదాకా నీళ్లు మరగబెట్టుకునే తాగండి. లోతట్టులో ఇల్లు కట్టేవాళ్లు మురుగు లైనులో వెనక్కి రానివ్వని వాల్వ్ ఒకటి పెట్టించుకోండి.

డాబా మీద వెయ్యి లీటర్ల ట్యాంకు పెట్టినా షవర్‌లో ధార లేదు. రెండు వేల లీటర్లది పెట్టనా?

పెద్ద ట్యాంకుతో ధార పెరగదు, ఎత్తుతోనే పెరుగుతుంది. నీటి మట్టం ఒక్కో మీటరు ఎత్తుకీ చదరపు సెంటీమీటరుకి 0.1 కేజీ ఒత్తిడి వస్తుంది. ట్యాంకు వెయ్యి లీటర్లదైనా లక్ష లీటర్లదైనా లెక్క అంతే. దిమ్మె ఎత్తు పెంచండి, లేదా చిన్న పంపు పెట్టుకోండి. అంతకంటే ముందు షవర్ విప్పి గార పట్టిందేమో, కుళాయి మూతి జాలీలో ఇసుక ఉందేమో చూడండి. దానికి డబ్బు అక్కర్లేదు.

ఫ్లష్ ట్యాంకులో నీళ్లు ఆగకుండా కారుతున్నాయా అని ఎలా తెలుస్తుంది?

బట్టలకి వేసే నీలం నాలుగు చుక్కలు ట్యాంకులో వేసి, ఫ్లష్ చేయకుండా అరగంట వదిలేయండి. కమోడ్‌లో నీలం కనిపిస్తే అడుగున రబ్బరు మూత పోయింది. కొత్త రబ్బరు పెద్ద ఖరీదు కాదు, ట్యాంకు మొత్తం మార్చమనేవాడి మాట వినకండి.

టెఫ్లాన్ టేపుకి జిగురే లేదు, మరి లీకు ఎలా ఆపుతుంది?

అది అతికించదు, కుళాయి మర చుట్ల మధ్య సందుల్లోకి నలిగి కూర్చుంటుంది. పైగా జారుడు గుణం వల్ల కుళాయిని ఇంకో అర చుట్టు బిగించనిస్తుంది. 1938లో రాయ్ ప్లంకెట్ అనే అమెరికన్ రసాయన శాస్త్రవేత్త ఫ్రిజ్‌ల గ్యాస్ మీద పని చేస్తుంటే సిలిండరులో ఏ గ్యాసూ రాక, కోసి చూస్తే తెల్ల పొడి దొరికింది. అదే టెఫ్లాన్. ఏదీ దానికి అంటుకోదు, అది దేనికీ అంటుకోదు.

మర కొస మీ వైపు పెట్టుకుని గడియారం ముల్లు తిరిగే వైపు చుట్టండి. ఎదురు చుడితే బిగించేటప్పుడు ఊడి ముడతపడుతుంది. ఒకసారి బిగించాక సరిగ్గా నిలబెట్టడానికి వెనక్కి తిప్పితే మళ్లీ టేపు చుట్టాల్సిందే.

పీవీసీ పైపు అతికించడానికి ఫెవిక్విక్ సరిపోదా? ఇంట్లో ఉంది.

సరిపోదు. పైపు గమ్ అని మీరనే సాల్వెంట్ సిమెంటు నిజానికి జిగురు కాదు. అది పైపు ఒళ్లునీ సాకెట్ ఒళ్లునీ మెత్తబరిచి రెండిటినీ కలిపేస్తుంది, మందు ఎగిరిపోయాక రెండూ ఒకే ప్లాస్టిక్. అందుకే పైపు తడిగా ఉంటే పట్టదు, మట్టి ఉంటే పట్టదు. రాసిన వెంటనే తోసి, పావు చుట్టు తిప్పి, కాసేపు పట్టుకుని ఉండాలి. వదిలేస్తే వెనక్కి జారుతుంది. వేడి నీళ్ల సీపీవీసీ పైపుకి దాని సిమెంటే వాడాలి.

ఫెవిక్విక్ లాంటివి గాలిలోని, చర్మం మీది తేమ తగిలి గడ్డకడతాయి. ట్యూబులో గడ్డకట్టనిది తేమ లేకే, వేళ్లు ఇట్టే అంటుకునేది తేమ ఉండే. వేళ్లు అంటుకుంటే లాగకండి, చర్మం లేస్తుంది. గోరువెచ్చని సబ్బు నీళ్లలో నానబెట్టి మెల్లగా దొర్లించండి, నెయిల్ పాలిష్ తీసే ఎసిటోన్ కూడా పనిచేస్తుంది. కంట్లో పడితే ఇవేవీ వద్దు, నీళ్లతో కడుగుతూ డాక్టరు దగ్గరికి వెళ్లండి. చెక్కకి వాడే తెల్ల ఫెవికాల్ సంగతి వేరు, అందులోని నీరు చెక్కలోకి ఇంకిపోతేనే గట్టిపడుతుంది. డబ్బాలో నీరు ఎక్కడికీ పోదు కాబట్టి డబ్బాకి అంటుకోదు.

పనసపాలు చేతికి అంటుకుంటే సబ్బుకి పోవు. సింకులో కూడా అంటుకుపోయాయి.

పనసపాలు నీటికి లొంగవు, నూనెకి లొంగుతాయి. కత్తికీ చేతులకీ ముందే నూనె రాసుకునే మన పెద్దవాళ్ల పద్ధతే అసలైన శాస్త్రం. అంటుకున్నాక కూడా నూనెతోనే రుద్ది, గుడ్డతో తుడిచి, ఆ తర్వాత సబ్బు. ఆ గుడ్డ పారేయండి, సింకులో కడగకండి. లోపల చల్లబడి పైపు గోడకి పట్టిన పనసపాల మీద అన్నం మెతుకులు, జుట్టు, జిడ్డు ఒక్కొక్కటీ వచ్చి కూర్చుంటాయి. వేసవి చివర్లో సింకు అడ్డాలకి కారణం చాలాసార్లు ఇదే.

కొత్త స్టీలు గిన్నె మీది స్టిక్కరు జిగురుకీ నూనే మందు. గిన్నె లోపల వేడినీళ్లు పోసి స్టిక్కరు మెత్తబడ్డాక లాగండి, మిగిలినది కొబ్బరినూనెతో.

ఇనప పెనానికి అట్టు అంటుకుంటోంది. ఇది మీ షాపు ప్రశ్న కాదనుకోండి.

కాదు, అయినా చెబుతాను. పెనం చాలినంత వేడెక్కకముందే పిండి పోస్తే అది లోహాన్ని పట్టుకునే ఉడుకుతుంది. నీటి చుక్క వేస్తే బుస్సుమని అక్కడే ఎండిపోకుండా గుండ్రంగా దొర్లితే వేడి అందినట్టు. అప్పుడు మంట తగ్గించి, ఉల్లిపాయ ముక్కతో నూనె రుద్ది పిండి వెయ్యండి. రోజూ కాలి కాలి నల్లగా పట్టే నూనె పొరే ఆ పెనానికి టెఫ్లాన్. దాన్ని గిన్నెల పీచుతో తోమి మెరిపించే కోడలిని మాత్రం ఆపండి.

గ్లాసులో గ్లాసు ఇరుక్కుంటే?

స్టీలువైతే పై గ్లాసులో చల్లటి నీళ్లు పోసి, కింది దాన్ని వేడినీళ్లలో ముంచండి. పైది ముడుచుకుంటుంది, కిందిది సాగుతుంది. గాజువైతే గోరువెచ్చని నీళ్లే.

వానాకాలంలో బాత్రూం చెక్క తలుపు పడటం లేదు. చిత్రిక పట్టించాలా?

ఇప్పుడు చిత్రిక పట్టిస్తే సంక్రాంతికి సందు పడుతుంది. చెక్క తేమ పీల్చి అడ్డంగా ఉబ్బుతుంది, ఎండాకాలంలో మళ్లీ తగ్గుతుంది. తలుపు ఎండాక దింపి అడుగు అంచు చూడండి, అక్కడ ఎవరూ రంగు వేసి ఉండరు. నీరు లోపలికి వెళ్లేది అక్కడి నుంచే. ఆ అంచుకి రెండు పూతలు వెయ్యండి.

మంచి ప్లంబరు దొరకడం లేదు. ఎవరినైనా చెబుతారా?

దేశమంతా ప్లంబర్లని పంపే రాష్ట్రంలో ఉండి మనం ఈ మాట అనుకోవడం వింతే. కేంద్రపడా జిల్లా పట్టాముండై వైపు నుంచి ఢిల్లీ, ముంబై దాకా వెళ్లిన ప్లంబర్లు లెక్కలేనంత మంది, అక్కడ ఆ పని నేర్పే ప్రభుత్వ సంస్థే ఉంది. మన వైపు మాత్రం రాజమేస్త్రీలే పైపు పని కూడా చేసేస్తారు. పేరు చెప్పను గాని పరీక్ష చెబుతాను. ‘మురుగు పైపుకి వాలు ఎంత ఇస్తావు?’ అని అడగండి. నాలుగంగుళాల పైపుకి నలభై అడుగులకి ఒక అడుగు చొప్పున అని గాని, ఆ దరిదాపుల్లో గాని చెబితే పని తెలిసినవాడు. ‘ఎంత వాలు ఉంటే అంత మంచిది’ అంటే ఇంకొకరిని చూడండి.

షాపుకి వచ్చేటప్పుడు ఏం తేవాలి?

విరిగిన ముక్క. కుళాయి లోపలి స్పిండిల్ అయినా, ఫ్లష్ ట్యాంకు రబ్బరు అయినా, కంపెనీకో సైజు ఉంటుంది. నోటి మాట మీద ఇస్తే సగం వెనక్కి వస్తాయి. ముక్క ఊడి రాకపోతే ఫోన్‌లో ఫొటో తీసి తెండి, పక్కన రూపాయి బిళ్ల పెట్టి తీయండి. సైజు దాన్నిబట్టి నేను చూసుకుంటాను.